ఊదితే ఊడాలి

ఈ నెల రాకెట్ లెక్కలు ముందే చెప్పేస్తా, తర్వాత ఎవరూ అడగక్కర్లేదు. కొన్నవి: సి6-5 మోటార్లు రెండు ప్యాకెట్లు, బాల్సా చెక్క షీట్లు మూడు, ఒక డబ్బా తెల్ల ప్రైమర్, రెండు గజాల నైలాన్ గుడ్డ. కొనకుండా ఆగినవి: 312 డాలర్ల సరుకు. ఎగరేసినవి తొమ్మిది. పోయింది ఒకటి. ఆ పోయినదాని గురించే ఈ వారం.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మోడల్ రాకెట్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అట్ట గొట్టం, ముందు ప్లాస్టిక్ ముక్కు (మేం నోస్‌కోన్ అంటాం), వెనక మూడో నాలుగో బాల్సా రెక్కలు, లోపల మడిచిపెట్టిన పారాచూట్. అడుగున ఫ్యాక్టరీలో చేసిన మోటారు. అది మన బొటనవేలంత లావు, చూడటానికి చిన్న టపాకాయలా ఉంటుంది. అగ్గిపుల్ల గీయం. వైర్లు కలిపి, దూరంగా నిలబడి, ఐదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టి బటన్ నొక్కుతాం. మన తారాజువ్వకి కర్ర చేసే పనే దీనికి రెక్కలు చేస్తాయి, దారి తప్పకుండా నిటారుగా పోనిస్తాయి. తేడా ఏంటంటే, తారాజువ్వ వెళ్లాక దాని సంగతి మనకి అక్కర్లేదు. ఇది తిరిగి రావాలి. వచ్చి, మళ్లీ ఎగరాలి. ఈ హాబీ అంతా ఆ 'తిరిగి రావడం' అనే మాటలోనే ఉంది. నాకది ఏడాదిన్నర ఆలస్యంగా అర్థమైంది.

మోటారు మీద సి6-5 అని రాసుంటుంది కదా, అందులో సి అనేది మోటారు మొత్తం శక్తి. ఏ అయితే గరిష్ఠంగా 2.5 న్యూటన్-సెకన్లు, బి అయితే 5, సి 10, డి 20. అక్షరం మారిన ప్రతిసారీ డబుల్. మధ్యలో 6 అంటే సగటున ఎన్ని న్యూటన్ల బలంతో తోస్తుందో. చివరి 5 అంటే మందు కాలిపోయాక ఐదు సెకన్లు ఆగి, పైవైపు ఒక చిన్న పేలుడు జరుగుతుందని. ఆ పేలుడు గాలి గొట్టంలో నిండి, ముక్కుని బయటికి తోసి, పారాచూట్‌ని లాగి పడేస్తుంది. అలా జరిగితే రాకెట్ గొడుగు పట్టుకుని దిగినట్టు దిగుతుంది. జరగకపోతే ఈటెలా దిగుతుంది.

అక్షరం మారితే డబుల్ అన్నాను చూశారా, ఆ డబులే మనిషిని పాడుచేస్తుంది. మొదటి నెల ఏ8-3 వేసి ఆల్ఫా త్రీ అనే బుజ్జి రాకెట్‌ని పంపినప్పుడు ప్రపంచాన్ని జయించినంత ఫీలింగ్. మూడో నెలకి సి కూడా చప్పగా అనిపించింది. ఆరో నెలకి హెచ్ గురించి వీడియోలు చూస్తున్నా. హెచ్ అంటే 320 దాకా, అంటే ఏ కి 128 రెట్లు. దానికి ఇక్కడ అమెరికాలో లెవెల్ వన్ అని సర్టిఫికేషన్ ఉంటుంది. క్లబ్బు వాళ్ల ముందు హెచ్ లేదా ఐ మోటారుతో ఎగరేసి, మళ్లీ ఎగరడానికి పనికొచ్చేలా వెనక్కి తెచ్చి చూపించాలి. రాత పరీక్ష లేదు. నేను కిట్ కొన్నా. నాలుగంగుళాల గొట్టం, ప్లైవుడ్ రెక్కలు. జిగురుకే వేరే బిల్లు. మోటారు కూడా కొని పెట్టుకున్నా.

మా ఆవిడ ఒక షీట్ మెయింటెయిన్ చేస్తుంది. అందులో మూడు కాలమ్స్: కొన్నవి, కట్టినవి, ఎగిరినవి. కొన్నవి పదకొండు, కట్టినవి ఐదు, ఎగిరినవి నాలుగు. నేనేమో డెలివరీ బాక్స్ గుమ్మం ముందు పడిన ప్రతిసారీ 'హాబీలో ముందుకెళ్తున్నా' అనుకునేవాణ్ణి. జిమ్ మెంబర్‌షిప్ కట్టిన రోజే రెండు కేజీలు తగ్గినట్టు అనిపిస్తుందే, అలాగన్నమాట.

సరే, అసలు విషయం.

మా నాన్న సూళ్లూరుపేటలో టైలర్. ముప్పై ఐదేళ్ల షాపు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రోజు మా బజారులో కత్తెరలు, తరాజులు అన్నీ ఆగిపోయేవి. 2013 నవంబర్ 5న మధ్యాహ్నం మంగళ్‌యాన్ వెళ్లినప్పుడు నేను ఇంటర్. కాలేజీ ఎగ్గొట్టి మేడెక్కా, చూస్తే నాన్న అప్పటికే మెడలో టేపుతో అక్కడున్నారు. ముందు వెలుగు కనబడుతుంది, శబ్దం చాలాసేపటికి వస్తుంది. ఆ గ్యాప్‌లో ఎవరూ మాట్లాడరు. నాకు రాకెట్ల పిచ్చి ఎక్కడ పట్టిందంటే ఆ గ్యాప్‌లోనే అని చెప్పాలి.

అలాంటి నాన్న ఆరు నెలల విజిట్‌కి మా దగ్గరికి డాలస్ వచ్చారు. మరి నేను ఊరుకుంటానా! ఆయన కోసమే ఒక రాకెట్ సొంతంగా డిజైన్ చేశా. మా ఊరి ఏటి పేరే పెట్టా, 'కాళంగి' అని. డిజైన్ చేసింది ఓపెన్‌రాకెట్‌లో. అది ఫ్రీ సాఫ్ట్‌వేర్. ఫిన్లాండ్‌లో సాంపో నిస్కానెన్ అనే స్టూడెంట్ 2009లో తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టింది. గొట్టం పొడవు, రెక్కల ఆకారం, బరువులు ఇస్తే ఎంత ఎత్తుకి వెళ్తుందో, నిటారుగా పోతుందో లేదో చెప్పేస్తుంది. రాకెట్ బరువు కేంద్రం ముందు ఉండాలి, గాలి తోపు కేంద్రం దాని వెనక ఉండాలి. రెంటికీ మధ్య కనీసం గొట్టం వ్యాసమంత దూరం ఉంటే మంచిది. నాది 1.4 వ్యాసాలు వచ్చింది. డి12-5 మోటారు. స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి పచ్చ రంగు కనబడితే ఇంక బుర్ర పనిచెయ్యదు.

ముందు రోజు రాత్రి ముక్కు కొంచెం లూజుగా ఉందనిపించి, దాని మెడకి రెండు చుట్లు మాస్కింగ్ టేపు వేశా. బిగుతుగా కూర్చుంది. ఎంత తృప్తిగా అనిపించిందో! మోటారుకి మాత్రం హుక్కు పెట్టలేదు, దానికీ టేపు చుట్టి గొట్టంలో దూర్చేశా. 'ఒక్క ఫ్లైటే కదా' అనుకున్నా. ఆఫీసులో ఎవరైనా ఈ మాట అంటే నేనే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడతా.

మా క్లబ్బు లాంచ్‌లు ఊరికి గంట దూరంలో పొలాల్లో జరుగుతాయి. పోయిన నెల మూడో శనివారం, తెల్లవారు జామున చిన్న జల్లు పడి ఆగింది. నేల తడి, గాలి తేమ. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని, మడత కుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో టీతో తాడు వెనకాల కూర్చున్నారు. చెకింగ్ టేబుల్ దగ్గర మా క్లబ్బు పెద్దాయన ఉన్నారు, డెబ్భై దాటాయి, చిన్నప్పట్నుంచీ ఇదే పని. రాకెట్ చేతిలోకి తీసుకుని అడిగారు.

'ముక్కు ఫిట్ చూసుకున్నావా?'

'చూశా' అన్నా.

అబద్ధం చెప్పలేదు. చూశాను. ఊడట్లేదని చూశాను. ఊడుతుందా అని చూడలేదు. వెనక క్యూ ఉంది, ఆయన తలూపి పంపించేశారు.

ఎగరడం మాత్రం అద్భుతం. ఒకటిన్నర సెకను నిప్పు, తెల్ల పొగ గీత, నాన్న కుర్చీలోంచి 'అబ్బో' అనడం నాకు వినబడింది కూడా. గాలి మా వెనక నుంచి వీస్తోంది. రాకెట్ ఎప్పుడూ గాలికి ఎదురు తల తిప్పుతుంది, అందుకని అది వంగి మా నెత్తి మీదకే వచ్చింది. అదీ మామూలే, పారాచూట్ తెరుచుకుంటే గాలి మళ్లీ పొలంలోకి తోసేస్తుంది. పైన చిన్న పొగ మబ్బు కనబడింది. ఏదో ఒక ముక్క విడిపోయింది. ముక్కు అనుకున్నా. కాదు, మోటారు. ముక్కు బిగుసుకుపోయి కదలకపోతే పేలుడు గాలికి పోవడానికి దారి కావాలిగా, లూజుగా ఉన్న మోటారుని వెనక్కి తన్ని అటు పోయింది. పారాచూట్ గొట్టంలోనే ఉండిపోయింది.

మైకులో 'హెడ్స్ అప్' అని కేక. అక్కడ అదొక నియమం. అలా వినబడగానే అందరూ లేచి, కిందికి వచ్చేదాన్ని వేలితో చూపిస్తారు, చూడనివాళ్లకి తెలియాలని. యాభై మంది వేళ్లు ఒకేసారి లేచాయి. అన్నీ మా నాన్న వైపే తిరుగుతూ వస్తున్నాయి. ఆయనకేమో ఆ కేక అర్థం కాలేదు. అందరూ రాకెట్‌ని మెచ్చుకుంటున్నారనుకుని, కప్పు పట్టుకుని నవ్వుతూ కూర్చునే ఉన్నారు. నేను 'నాన్నా లే' అని అరిచానట. నాకైతే గుర్తులేదు. ఈల వేసినట్టు ఒక చప్పుడు, తర్వాత మట్టిలో 'దబ్'.

పదకొండు అడుగులు. తర్వాత టేపు పెట్టి కొలిచాను. ఆయన కుర్చీ కాలి నుంచి రాకెట్ దిగిన చోటికి పదకొండు అడుగులు. జానెడు లోతు దిగింది. పావుకిలోకి కొంచెం తక్కువ బరువే, కానీ ఆ స్పీడులో వచ్చేది అట్టయినా ఒకటే, ఇనుమైనా ఒకటే.

పెద్దాయన నడుచుకుంటూ వచ్చారు. తిట్టలేదు. గొట్టాన్ని మట్టిలోంచి లాగి, ముక్కు పట్టుకుని తీయబోయారు. రాలేదు. మోకాళ్ల మధ్య గొట్టం పెట్టుకుని, రెండు చేతులతో లాగితే వచ్చింది. 'ఇంట్లో ఏసీలో బిగించావు కదూ' అన్నారు. పొడి గాలిలో సరిపోయిన అట్ట గొట్టం తేమకి ఉబ్బింది. దానికి తోడు నా రెండు చుట్ల టేపు. తర్వాత నాన్న వైపు చూసి, నాతో మెల్లగా అన్నారు: 'ఆయన లేచి నాలుగడుగులు వేసుంటే?' అంతే. ఆ రోజుకి ఇంక నేను ఏదీ ఎగరేయలేదు, వేరేవాళ్లవి ఏరుకొచ్చే పని చేశా.

కారులో గంటసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ల్యాప్‌టాప్ తీసి షాపింగ్ మొదలుపెట్టా. ఎత్తు కొలిచే ఆల్టీమీటర్, పారాచూట్‌ని కావలసిన ఎత్తులో విడుదలచేసే చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా, మంటకి కాలని నోమెక్స్ గుడ్డ, అల్యూమినియం మోటారు రిటెయినర్. మొత్తం 312 డాలర్లు. 'సేఫ్టీ కోసమే కదా' అని నాకు నేనే చెప్పుకుంటున్నా. మా ఆవిడ వెనక నుంచి చూసి ఒకే మాట అంది.

'పొద్దున మామయ్య నెత్తిన పడేది. నువ్వు షాపింగ్ చేస్తున్నావా?'

కార్ట్‌లో ఉన్నవాటిని ఒక్కొక్కటీ చూశా. ఆల్టీమీటర్ ఉంటే ఏమయ్యేది? ఎంత ఎత్తు నుంచి పొడిచిందో తెలిసేది. నోమెక్స్ ఉంటే? పారాచూట్ కాలకుండా గొట్టంలో భద్రంగా ఉండేది. ఆ ఖరీదైన డబ్బా అయితే అసలు ముక్కు ఊడాకే పనిచేస్తుంది. రిటెయినర్ ఒక్కటే కాస్త పనికొచ్చేది, అదీ ముక్కు ఊడగలిగితేనే. నిజంగా కావలసిన రిపేరు మాత్రం, ఆ టేపు రెండు చుట్లు పీకెయ్యడం. కోడ్‌లో బగ్ ఉంటే కొత్త ల్యాప్‌టాప్ కొన్నట్టుంది నా తెలివి. ట్యాబ్ మూసేశా. (డిలీట్ చేయలేదు, మూశా. మనిషిని కదా.)

పొద్దున లేచేసరికి నాన్న డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నారు. ముందు బిగ్ బెర్తా అనే నా ఇంకో రాకెట్. ముక్కు పెట్టి, వెనక మోటారు గొట్టానికి నోరు పెట్టి బుగ్గలు ఉబ్బేలా ఊదుతున్నారు. రాలేదు. ముక్కు తీసి, మెడ మీద నేను చుట్టిన టేపు ఒక పొర పీకి, మళ్లీ ఊదారు. 'టప్' మని ఊడి పోపుల డబ్బా దగ్గర పడింది.

'ఊదితే ఊడాలి కదరా ఇది?' అన్నారు.

'ఊడాలి నాన్నా.'

'టిచ్ బటన్ లెక్కే. నడిస్తే ఊడకూడదు, లాగితే ఊడాలి. గట్టిగా ఉంది కదా అని కుట్టేస్తే అది బటన్ ఎందుకవుద్ది?'

తర్వాత క్లబ్బులో అడిగితే తెలిసింది, వెనక నుంచి ఊది చూడటం పాతకాపులందరూ చేసే పరీక్షేనట. ఇంకోటి, ముక్కు పట్టుకుని రాకెట్‌ని ఎత్తితే జారకూడదు, మెల్లగా విదిలిస్తే ఊడాలి. రెండూ ఫ్రీ. పైగా ఇంట్లో కాదు, ఫీల్డులో, ఆ రోజు గాలిలో చూడాలి. ఏడాదిన్నరలో నేను చూసిన వందల వీడియోల్లో ఇది ఎక్కడో ఉండే ఉంటుంది, నేనే హెచ్ మోటార్ల దాకా స్కిప్ చేసుంటా.

ఆయన అక్కడితో ఆగలేదు. లోపలి ప్లాస్టిక్ పారాచూట్ బయటికి తీశారు. మూడు వారాలు మడతలోనే ఉందేమో, అంటుకుపోయి తమలపాకు చిలక అయ్యింది. 'ఇది గాల్లో ఎట్టా విచ్చుకుంటది?' అన్నారు. దానికి మందు పౌడర్ అని నాకు తెలుసు. ఇక్కడివాళ్లు బేబీ పౌడర్ వాడతారు, మేం అమ్మ పంపిన పాండ్స్ తీశాం. కానీ నాన్నకి తృప్తి కాలేదు. 'గుడ్డ కొను, నేను కుడతా.'

అలా రెండు గజాల రిప్‌స్టాప్ నైలాన్ వచ్చింది. మిషను కింది ఫ్లాట్ ఆంటీగారిది, ఒక జాకెట్ కుట్టిపెట్టే ఒప్పందం మీద. నేను పారాచూట్ డ్రాయింగ్ ప్రింట్ తీసి ఇచ్చా: ఆరు త్రికోణాలు, మధ్యలో చిన్న కన్నం. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, 'ఆరు పీసుల లంగా కటింగే కదరా, నడుం చిన్నది' అని పక్కన పడేశారు. కన్నం ఎందుకో మాత్రం అడిగారు. కన్నం లేకపోతే గాలి అంచుల్లోంచి ఒకసారి ఇటూ ఒకసారి అటూ తప్పించుకుంటుంది, పారాచూట్ ఉయ్యాల ఊగుతుంది అని చెప్పా. 'గాలికీ దారి ఇవ్వాలన్నమాట' అని తలూపారు.

మొదటిది ఫెయిల్. అలవాటు కొద్దీ ప్రతి కుట్టూ లోపలికి మడిచి డబుల్ వేశారు. చూడముచ్చటగా ఉంది, షోరూమ్‌లో పెట్టొచ్చు. మడిస్తే మాత్రం గొట్టంలో పట్టలేదు. నెట్టి దూరిస్తే మళ్లీ అదే కథ, రానని మొండికేసింది. రెండోదానికి అంచులు మడవలేదు. నైలాన్ అంచుని కొవ్వొత్తి మంటకి ఇలా చూపించి అలా లాగేస్తే పోగులు కరిగి అంటుకుంటాయి, ఊడవు. మన టైలర్లకి తెలిసిన పనే. ఒకే వరస కుట్టు. బరువు సగమైంది. 45 సెంటీమీటర్ల వెడల్పు. మా రాకెట్ బరువుకి సెకనుకి ఐదు మీటర్ల స్పీడులో దిగాలని లెక్క. జిప్‌లాక్ కవర్లో బియ్యం పోసి కట్టి, పార్కింగ్ గరాజ్ పై అంతస్తు నుంచి వదిలాం. మొదటిసారి తాళ్లు మెలిపడ్డాయి. ఫిషింగ్ షాపులో దొరికే చిన్న స్వివెల్ పెడితే తర్వాత నాలుగుసార్లూ తెరుచుకుంది. సెక్యూరిటీ గార్డు వచ్చి బియ్యం ఎందుకు పడుతున్నాయని అడిగాడు, అది వేరే సంగతి.

అదే వారం గుంటూరు నుంచి ఒక తమ్ముడి మెసేజ్. 'అన్నా, ఇక్కడ మోటార్లు దొరకట్లేదు. స్టీలు పైపులో మందు నేనే కలుపుకుంటా, పాళ్లు చెప్పు.' ఇలాంటివి నెలకి ఒకటి రెండు వస్తాయి. మామూలుగా నవ్వేసి వదిలేసేవాణ్ణి. ఈసారి పదకొండు అడుగులు గుర్తొచ్చి, కూర్చుని జవాబు రాశా. ఇక్కడా రాస్తున్నా.

తమ్ముడూ, ఈ హాబీ పుట్టిందే ఆ పని మాన్పించడానికి. 1950లలో అమెరికాలో పిల్లలు ఇంట్లో మందు కలిపి, ఇనప గొట్టాల్లో కూరి, వేళ్లు, కళ్లు పోగొట్టుకునేవాళ్లు. నెబ్రాస్కాలో నార్‌ఫోక్ అనే ఊళ్లో ఆర్విల్ కార్లైల్ అని చెప్పుల షాపు యజమాని ఉండేవాడు, బాణసంచా అంటే పిచ్చి. అతని సోదరుడు రాబర్ట్‌కి మోడల్ విమానాల పిచ్చి. ఇద్దరూ కలిసి 1954లో తేలికపాటి రాకెట్ ఒకటి చేశారు. మార్చుకోగలిగే మోటారు, వెనక్కి తెచ్చే పారాచూట్. ఇనుము లేదు. అప్పుడు వైట్ శాండ్స్‌లో అసలైన రాకెట్ల సేఫ్టీ చూసే హ్యారీ స్టైన్, పిల్లల రాకెట్ ప్రమాదాల గురించి 1957లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. అది చదివి కార్లైల్ తన రాకెట్లు ఆయనకి పంపాడు. అక్కడ మొదలైంది. అదే ఏడాది అక్టోబర్‌లో స్పుత్నిక్ వెళ్లింది, ప్రతి పిల్లాడికీ రాకెట్ కావాల్సి వచ్చింది. మోటార్లు ఎవరు చేయాలి? కొలరాడోలో వెర్న్ ఎస్టెస్ వాటిని వరసగా చేసే మెషీన్ కట్టి, దానికి మేబెల్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు నేను కొనే సి6-5 ఆ కంపెనీదే. మందుని మనుషులు ఇంట్లో ముట్టుకోకూడదు అన్న ఒక్క నియమం మీద ఈ హాబీ అంతా నిలబడింది.

మన దగ్గర లైసెన్సు లేకుండా అలాంటి మందు తయారు చేయడం నేరం, 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. నన్ను సూట్‌కేసులో తెమ్మంటావేమో, విమానంలో ఒక్క మోటారు కూడా ఎక్కనివ్వరు. చట్టం సంగతి పక్కన పెట్టు, స్టీలు పైపు పగిలితే వచ్చేవి పెంకులు. నీకు అంత ఆత్రంగా ఉంటే వాటర్ రాకెట్ చెయ్యి. కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకో, మామూలు నీళ్ల బాటిల్ వద్దు, అది ప్రెషర్‌కి ఆగదు. మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపు, రబ్బరు బిరడా, కళ్లకి అద్దాలు, వదలడానికి దూరం నుంచి లాగే తాడు. రెక్కలు, బరువు కేంద్రం, పారాచూట్, ఇవన్నీ అక్కడే నేర్చుకోవచ్చు. నేను డబ్బు పెట్టి నేర్చుకోనిది నువ్వు బాటిల్‌తో నేర్చుకుంటావు. ఓపెన్‌రాకెట్ కూడా దించుకో. హైదరాబాద్ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ 2022 నవంబర్‌లో శ్రీహరికోట నుంచే లేచింది. అలాంటి చోట ఉద్యోగానికి వెళ్లినప్పుడు పది వేళ్లూ ఉండాలి కదా.

జవాబుగా తమ్ముడు ఒక బొటనవేలు పంపాడు. ఎమోజీనే.

ఈ నెల లాంచ్‌కి లెవెల్ వన్ ప్రయత్నం నేనే వాయిదా వేసుకున్నా. పెద్దాయనకి చెబితే 'ఎప్పుడు?' అని కూడా అడగలేదు, 'మంచిది' అన్నారు. హెచ్ మోటారు బీరువాలో ఉంది. ఎగిరినవన్నీ ఏ, బి, సి లు. తొమ్మిది ఫ్లైట్లు. ప్రతిదానికీ ముందు ఫీల్డులోనే ఊదడం, విదిలించడం, రాసుకోవడం. క్యూలో నా వెనక ఒక చిన్నది, ఎనిమిదేళ్లుంటాయేమో, 'మీరెందుకు దాన్ని ముద్దు పెట్టుకుంటున్నారు?' అని అడిగింది. చూపించాక తనదీ ఊదింది. రాలేదు. వాళ్ల నాన్న, నేను కలిసి టేపు తీశాం.

నాన్న ఈసారి కుర్చీలో కూర్చోలేదు. తాడు దగ్గరే నిలబడి, ప్రతి కౌంట్‌డౌన్‌కీ పైకి చూస్తూ ఉన్నారు. ఎవరో 'హెడ్స్ అప్' అంటే అందరికంటే ముందు ఆయన వేలే లేచింది. బిగ్ బెర్తా సి6-5తో వెళ్లింది. ఆ రాకెట్ నిదానంగా లేస్తుంది, పెళ్లికూతురు నడిచినట్టు. ఐదు సెకన్లు ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మా ఊరి మేడ మీద లాగే, ఎవరూ మాట్లాడలేదు. 'టప్' చప్పుడు కిందికి చేరేలోపే నారింజ రంగు గుడ్డ విచ్చుకుంది. అరెకరం అవతల గడ్డిలో దిగింది. రెక్క ఒకటి కొంచెం లేచింది, జిగురు పెడితే సరిపోతుంది.

నాన్న పోయిన గురువారం ఇండియా వెళ్లిపోయారు. నిన్న వీడియో కాల్‌లో పారాచూట్ చూపించమన్నారు. చూపించా. 'నాలుగో పీసు పైన దారం లేచింది చూడు, కనబడట్లేదా? కత్తిరించొద్దు, కొవ్వొత్తి చూపించు' అన్నారు. చూపించా. లాగ్‌లో రాసుకున్నా: ఫ్లైట్ 9, బిగ్ బెర్తా, సి6-5, గాలి మామూలు, ముక్కు ఓకే, దారం ఒకటి రిపేరు.

కార్ట్‌లో ఆ 312 డాలర్లు ఇంకా అలాగే ఉన్నాయి. రిటెయినర్ ఒక్కటి కొంటానేమో.